నల్ల చక్రాలకు మంచినీళ్ళు

మా ఊళ్ళో బోరు వేస్తే ఉప్పునీళ్ళే పడతాయి. సముద్రం అంత దగ్గర. తాగడానికీ వండుకోవడానికీ పంచాయతీ కుళాయి ఒక్కటే దిక్కు. అది పొద్దున్నే వస్తుంది, ఎప్పుడు ఆగిపోతుందో ఎవరికీ తెలియదు. ఆ నీళ్ళలోంచి రెండు బిందెలు పక్కన పెట్టి, సాయంత్రం వాటితో బండి చక్రాలు కడగడం నా పనిగా ఉండేది. ఇంటికి చుట్టాలొచ్చినా, కుళాయి సన్నగా వచ్చినా ఆ రెండు బిందెల జోలికి ఎవరూ వెళ్ళకూడదు.

బండి అంటే చేపలు తోలే పికప్పు. తెల్లటి బండికి నల్లటి అల్లాయ్ చక్రాలు. బండితో వచ్చిన ఇనప చక్రాలు తీయించేసి మా బావ ముచ్చటపడి రాజమండ్రిలో వేయించుకున్నాడు. బావ అంటే నా భర్తే. మేనత్త కొడుకు కాబట్టి చిన్నప్పటి నుంచీ ఆ పిలుపే అలవాటు, పెళ్ళయ్యాకా అదే మిగిలింది.

వేటకెళ్ళే కుటుంబం మాది. బావ మీసాలు రాకముందే వాళ్ళ నాన్నతో పడవెక్కాడు. సముద్రమంటే అతనికి భయం లేదు కానీ ఇష్టమూ లేదు. పడవ మీద రోజులు రోజులు ఎటూ కదలలేకుండా కూర్చోవడం తన వల్ల కాదనేవాడు. పికప్పు కొన్న రోజు ఇంక నీళ్ళ మీదికి వెళ్ళనని వాళ్ళమ్మతో చెప్పాడు. నల్ల చక్రాలు వేయించుకుని వచ్చిన సాయంత్రం నన్నూ అత్తనీ ఎక్కించుకుని అంతర్వేది గుడి దాకా తీసుకెళ్ళి, దారిలో తెలిసినవాళ్ళు కనిపించిన చోటల్లా బండి నెమ్మది చేశాడు. నాకు డ్రైవింగు నేర్పిందీ అతనే. సముద్రం ఒడ్డున తడి ఇసకలో నేర్పాడు, సరదాకి. లైసెన్సు కూడా తీయించాడు. దాంతో నాకు పనిపడుతుందని అప్పుడు ఇద్దరిలో ఎవరమూ అనుకోలేదు.

తర్వాత రేవులో ఆ ప్రమాదం జరిగింది. పడవకీ గట్టుకీ మధ్య వేసిన బల్ల మీద చేపల ట్రేతో వస్తూ జారి ఆ సందులో పడ్డాడు. పడవ అల కొట్టుడికి ఒడ్డుకి ఒరిగింది. నడుము కింద ఎముక నలిగిపోయింది. ఆపరేషన్లు అయ్యాయి, లోపల రాడ్లు వేశారు. ఇంటికి తీసుకొచ్చేసరికి వాకరు పట్టుకుని మంచం నుంచి వసారాలోకి, వసారాలోంచి మంచానికి నడవగలుగుతున్నాడు. అంతే. ఎడమకాలికి క్లచ్చి తొక్కే బలం లేదు.

"నాలుగు రోజులు నువ్వు తోలవే. ఈలోపు నేను లేస్తాను," అన్నాడు.

నేనప్పుడు మలికిపురంలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతున్నాను. పెద్ద మేడంగారితో నాలుగు రోజులు సెలవని చెప్పి వచ్చాను. ఆ సెలవు ఇంకా అవలేదు.

పొద్దున్నే రేవులో ట్రేలు ఎక్కించుకుని, మీద ఐసు కొట్టించుకుని బయల్దేరేదాన్ని. రాజోలు, తాటిపాక, గన్నవరం, రావులపాలెం మీదుగా రాజమండ్రి. అక్కడ దింపి మళ్ళీ అదే దారిన వెనక్కి. మొదట్లో రోడ్డు మీద జనం తిరిగి తిరిగి చూసేవాళ్ళు. చీర మీద మగవాళ్ళ చొక్కా వేసుకుని పికప్పు తోలే ఆడమనిషి వాళ్ళకి వింత. ఒకసారి మలికిపురంలో బడి గేటు దగ్గర బండి ఆగితే, నా దగ్గర చదువుకున్న పిల్లలు సైకిళ్ళు ఆపి నమస్తే పెట్టారు. ముక్కులు మూసుకోకుండా ఉండడానికి వాళ్ళు పడ్డ అవస్థ చూసి నేనే అద్దం ఎక్కించేశాను.

దారి పొడుగునా బావ ఫోన్లు. "ఎక్కడున్నావు?" అనేవాడు. రాజోలు అంటే, "బజార్లో గుంట ఉంది, ఎడమ చక్రం దాని అంచుకి తగలనివ్వకు," అనేవాడు. తాటిపాక అంటే మరో గుంట. ఈ రోడ్డు అతనికి అరచేతిలా తెలుసు. కాలవగట్టు ఎక్కాక సిగ్నలు సరిగా ఉండదు. ఆ కాసేపూ ఫోను మోగేది కాదు. ఒక పక్క నిండుగా కాలవ, ఇంకో పక్క పల్లంలో వరిచేలు. నాకు రోజు మొత్తంలో ఎవరూ ఏమీ చెప్పని సమయం అదొక్కటే. ఆ గట్టు ఇంకొంచెం పొడుగ్గా ఉంటే బాగుండుననుకునేదాన్ని.

ఇంటికి చేరేసరికి బావ వసారాలో, గేటుకి ఎదురుగా కుర్చీలో ఉండేవాడు. నేను చీర మార్చుకోకముందే చక్రాల దగ్గర కూర్చోవాలి, ఎందుకంటే ఉప్పు ఆరిపోతే పట్టేస్తుంది. ఐసు కరిగిన నీళ్ళు, చేపల ఉప్పునీళ్ళు అన్నీ బండి అడుగున ఎడంపక్క మూలనున్న కన్నంలోంచి కారతాయి. ఆ వెనక చక్రం మీద తెల్లటి చారలు కట్టి ఉండేవి.

"కొబ్బరిపీచుతో రుద్దకు, గీతలు పడతాయి."

"పీచు కాదు బావా, గుడ్డే."

"సబ్బుపొడి వెయ్యలేదు కదా? రంగు మాసిపోద్ది. షాంపూ చుక్క చాలు."

"షాంపూనే."

"ఆ పుల్లల సందుల్లో చెయ్యి పెట్టి తుడువు. నీటిచుక్క వదిలేస్తే మరక కట్టేస్తాది."

చక్రం పుల్లల మధ్య సందు నా చెయ్యి పట్టేంత ఉండేది కాదు. వేళ్ళ కణుపులు గీరుకుపోయేవి. ఆ చేతులతోనే తర్వాత వంటలో ఉప్పూకారం కలుపుకోవాలి. మా అత్త వంటింటి గుమ్మంలో నిలబడి, "నా మోకాళ్ళకి ఇంత నూనె రాసిన నాథుడు లేడు, ఆ చక్రాలకి మాత్రం రోజూ తలంటే," అని గొణిగేది. బావ వినపడనట్టే ఉండేవాడు. కడగడం అయ్యాక ఫోను లైటు వేసి దూరం నుంచే నాలుగింటినీ చూసేవాడు. నిజం చెప్పాలంటే అవి మెరిసేవి. వాటిమీద కొత్త గీత ఒక్కటీ ఉండేది కాదు.

గీత పడకూడదనే అతను పంక్చర్ షాపుల్లో చక్రం విప్పనిచ్చేవాడు కాదు. కొత్తలో ఎవరో విప్పబోయి పానా జార్చి నట్టు పక్కన గీరేశారట. అప్పట్నుంచీ ఎప్పుడు పంక్చరైనా చక్రం బండికి ఉండగానే మేకు పీకించి రబ్బరుముక్క దోపించడమే. పైకి బాగానే ఉంది కదా, విప్పడం దేనికనేవాడు. నేనూ ఏనాడూ విప్పించలేదు.

వానలు తగ్గి ఎండ మళ్ళీ చురుక్కుమంటున్న రోజుల్లో అది జరిగింది. గన్నవరం దాటి గట్టు రోడ్డు మీద వెళుతున్నాను. ఎదురుగా బస్సు వచ్చింది. ఆ రోడ్డు మీద రెండు పెద్ద బండ్లు పట్టాలంటే ఇద్దరూ ఊపిరి బిగబట్టుకోవాలి. నేను ఎడమకి తీసి దారిచ్చాను. అక్కడున్న చిన్న కల్వర్టు గోడ విరిగి ఉంది, దాంట్లోంచి ఇనపచువ్వ బయటికి పొడుచుకొచ్చి ఉంది. వెనక చక్రం దానికి రాసుకుంది. చీర చింపినట్టు చప్పుడైంది. బండి ఎడమకి కుంగింది.

దిగి చూస్తే టైరు పక్కభాగం జానెడు మేర చీరుకుపోయింది. రబ్బరుముక్క దోపితే ఆగే గాయం కాదు. బస్సు డ్రైవరు తల బయటపెట్టి, "ఏమ్మా, ముందుకి కొంచెం వెడల్పుంది, అక్కడిదాకా మెల్లగా లాగెయ్యండి. గన్నవరంలో పంక్చర్ షాపతనికి చెప్పి పంపిస్తాను," అన్నాడు. గాలి లేని చక్రం మీదే బండిని ఆ వెడల్పు దాకా ఈడ్చాను. బస్సు నన్ను రాసుకుంటున్నట్టే వెళ్ళిపోయింది.

షాపతని కోసం ఆగకుండా నేనే మొదలుపెట్టాను. జాకీ కింద చెక్క వేసి ఎత్తాను. పానా మీద రెండు కాళ్ళూ పెట్టి నిలబడితే నట్లు ఒక్కొక్కటే కిర్రుమంటూ కదిలాయి. అన్నీ విప్పి చక్రం పట్టుకుని లాగాను. రాలేదు. అటూ ఇటూ ఊపాను. కాలితో తన్నాను. ఒక్క నట్టు కూడా లేకుండా చక్రం బండికి అలాగే అంటుకుని ఉంది. నాకు అర్థం కాలేదు. నట్టు ఏదైనా మర్చిపోయానేమోనని వేళ్ళు పెట్టి మళ్ళీ చూశాను.

పంక్చర్ షాపతను మోటారుసైకిలు మీద వచ్చాడు. నడివయసు మనిషి. వంగి లోపలికి చూసి, "ఇది పట్టేసిందమ్మా. ఉప్పు తినేసి చక్రమూ, అది కూర్చునే హబ్బూ ఒకటైపోయాయి. విప్పి ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"వేయించాక విప్పలేదండి."

"అయితే వెనక నుంచి కొట్టాలి. ఇది ఇనుము కాదు, దెబ్బకి అంచు విరిగితే విరగొచ్చు. మీరు సరేనంటేనే."

బావకి చెప్పకుండా సరేనడానికి నోరు రాలేదు. ఆ వెడల్పు దగ్గర మాత్రం సిగ్నలు అందుతోంది, ఫోను చేశాను.

"కొట్టొద్దు," అన్నాడు బావ వెంటనే. "ముట్టుకోవద్దని చెప్పు. నూనె పోసి ఉంచితే వదులుద్ది. సాయంత్రానికి వదులుద్ది."

"చేపలున్నాయి బావా."

"చేపలు పోతే పోయాయి. నూనె పొయ్యమను."

షాపతను తన డబ్బాలోంచి నూనె పోసి, ఇంకో పని చూసుకుని వస్తానని వెళ్ళాడు. నేను బండి నీడలో కూర్చున్నాను. బండిని వదిలి వెళ్ళలేను, తీసుకుని వెళ్ళలేను. వెనక కన్నంలోంచి ఐసు నీళ్ళు కారుతూనే ఉన్నాయి, సరిగ్గా ఆ చక్రం మీదికే. రాజమండ్రి కొట్టాయన ఫోను చేసి, మధ్యాహ్నం దాటితే తేవద్దమ్మా అని పెట్టేశాడు. ఎండ నడినెత్తికొచ్చింది. ఈగలు ముసిరాయి. కాలవ అవతల కొంగలు ఒక్కొక్కటే వచ్చి వాలి నా వైపే చూస్తున్నాయి. ఈ గట్టు ఇంకా పొడుగ్గా ఉంటే బాగుండునని రోజూ అనుకున్నది నేనే, ఇప్పుడు దాని మీంచి ఎలా బయటపడాలో తెలియడం లేదు.

పల్లంలో ఇళ్ళున్నాయి. ఒకావిడ గట్టెక్కి వచ్చి, "ఏంటమ్మా, పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నారు?" అంది. చెప్పాను. ట్రేల మీద మూత తీసి చూపించాను. చందువాలు, మాగలు. ఐసు ముప్పాతిక వంతు నీరైపోయింది.

"చెడిపోయేలోపు పట్టుకెళ్ళండి. మీ పక్కవాళ్ళకీ చెప్పండి," అన్నాను.

ఆవిడ నమ్మలేదు. రెండోసారి చెబితే కిందికి చూసి కేకేసింది. గిన్నెలు, బేసిన్లు, ఒకామె ఏకంగా బియ్యం కడిగే తపేలా, పట్టుకుని ఆడవాళ్ళు గట్టెక్కారు. నేను వంగి వంగి చేపలు వేశాను. వెళ్ళేటప్పుడు మొదటావిడ, "మా ఇంటికొచ్చి రెండు ముద్దలు తినండి, అప్పటిదాకా బండి దగ్గర నేను కూర్చుంటాను," అంది. వెళ్ళాలనిపించింది. కానీ ఫోను మోగుతుందేమోనని కదల్లేదు. కాసేపటికి ఆవిడే పెరుగన్నం తెచ్చి చేతిలో పెట్టింది.

షాపతను తిరిగొచ్చి కదిపి చూశాడు. నూనెకి ఏమీ లొంగలేదు. మళ్ళీ ఫోను చేశాను. ఈసారి బావ వీడియోలో మొహం చూపించమన్నాడు. నా మొహం కాదు, చక్రం మొహం. అతను వద్దంటుంటే వెనక నుంచి మా అత్త గొంతు: "ముందు దాన్ని అన్నం తిందో లేదో అడగరా!" బావ అడగలేదు. "వ్యాను పిలిపించి బండిని ఎత్తించుకెళ్దాం. రేపైనా పర్లేదు. దెబ్బ మాత్రం వెయ్యనివ్వకు," అంటున్నాడు.

రేపటి దాకా నేనక్కడ ఉండాలన్న సంగతి అతనికి తట్టలేదు. నేను ఫోను పెట్టేసి చొక్కా జేబులో వేసుకున్నాను.

"కొట్టండి," అన్నాను.

"అమ్మా, మీవారు..."

"కొట్టండి. నేను చెబుతున్నాను కదండీ."

అతను బండి కిందికి దూరి, చక్రం వెనక మొద్దు ఆనించి సుత్తితో కొట్టాడు. ఒక్కో దెబ్బకీ జేబులో ఫోను మోగుతూనే ఉంది. చాలా దెబ్బల తర్వాత పెద్ద చప్పుడుతో చక్రం ఊడి రోడ్డు మీద పడింది. అంచు ఒకచోట చిట్లింది. స్టెపినీ మాత్రం కంపెనీ ఇనప చక్రమే, అది బిగించుకుని ఇంటిదారి పట్టాను. మూడు నల్లవి, ఒకటి తుప్పురంగుది.

పొద్దు వాలేసరికి ఇల్లు చేరాను. బావ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక అతను వసారా మెట్లు దిగడం నేను చూడలేదు. ఒక చెయ్యి వాకరు మీద, ఇంకో చెయ్యి వాళ్ళమ్మ భుజం మీద. నన్ను కాదు, బండి ఎడంపక్క వెనక్కి చూస్తున్నాడు.

"ఏది?" అన్నాడు.

వెనక తలుపు దించి చక్రాన్ని కిందికి దొర్లించాను. "తిరగెయ్యి," అన్నాడు. తిరగేశాను. నేను రోజూ తుడిచే ముఖం ఇంకా నల్లగా మెరుస్తూనే ఉంది. వెనకవైపు రంగంతా పొక్కిపోయి, సున్నం కొట్టినట్టు తెల్లటి పొడి కట్టి ఉంది. బావ అతి కష్టం మీద మెట్టు మీద కూర్చుని గోటితో గీకాడు. రంగు పొరలు పొరలుగా లేచొచ్చింది.

"వెనక ఇలా అయిందని చెప్పలేదేంటే?"

"ఎవరు చూశారు బావా? నువ్వు విప్పనిస్తేగా."

బావ చేతికంటిన పొడి లుంగీకి తుడుచుకుంటూ, "నాకు రోజంతా కనపడేది ఆ గేటేనే. అందులోంచి వచ్చే ఆ బండి. బండి నువ్వు తోలుతున్నావు, బేరం నువ్వు చూస్తున్నావు. ఇంకా నాదేదో మిగిలిందంటే ఈ చక్రాలే అనిపించేది," అన్నాడు.

అతని మీద ఉన్న కోపమంతా అప్పుడే పోయిందని చెప్పలేను. వేళ్ళు ఇంకా మండుతున్నాయి.

"ఆ నీళ్ళు నేనింక మొయ్యను," అన్నాను.

"మొయ్యకు," అన్నాడు.

రాజమండ్రిలో చక్రాల షాపుకి, నువ్వే వచ్చి చూసుకోమని నేనే పిలిచాను. స్టూలు వేసి, నా భుజం ఆసరా ఇచ్చి, మా అత్త వెనక నుంచి నెడుతుంటే పక్కసీట్లోకి ఎక్కాడు. ఊరు దాటేదాకా కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నొప్పనుకున్నాను. రాజోలు వచ్చేసరికి తల బయటపెట్టి ప్రతి కొట్టూ చూస్తున్నాడు. షాపులో మిగతా మూడూ విప్పితే వాటి వెనకలూ అలాగే ఉన్నాయి. షాపాయన కొత్త రకాలు చూపించాడు. ఈ పూత ఎండకీ వానకీ చెక్కుచెదరదండి, వారంటీ ఉందన్నాడు.

"ఉప్పునీళ్ళకి రాసిస్తారా?" అన్నాడు బావ.

"సముద్రపు నీళ్ళకి ఎవరిస్తారండీ!" అని ఆయన నవ్వేశాడు.

"అయితే ఇనపవే వెయ్యండి. రంగు మాత్రం నల్లదే."

ఇప్పుడు మా బండికి నల్లరంగు వేసిన ఇనప చక్రాలు. బోరు నీళ్ళతో కడిగి వెంటనే పొడిగుడ్డతో తుడిచేస్తాం. ఆ పని బావదే. పీట మీద కూర్చుని కొబ్బరిపీచుతో హాయిగా రుద్దుతాడు. రంగు లేచిన చోట గరుకుకాగితంతో గీకి డబ్బాలోంచి రంగు పూస్తాడు. కొన్నాళ్ళకోసారి నేను జాకీ ఎత్తి నట్లు విప్పితే, చక్రం వెనకా హబ్బు ముఖానా తుప్పు గోకి పల్చగా గ్రీజు రాస్తాడు. చక్రం చేత్తో లాగితే వచ్చేస్తుంది.

అయితే ఆ రోజు బండెక్కిన మనిషి మళ్ళీ దిగలేదు. రోజూ పక్కసీట్లో అతనే. ఇప్పుడు ఫోన్లు లేవు. గేరు మార్చమని, హారను కొట్టమని, అంత గట్టిగా బ్రేకు తొక్కొద్దని నేరుగా చెవిలోనే. కాలవగట్టు మీద కూడా. మొన్న బడి నుంచి పెద్ద మేడంగారు ఫోను చేశారు. తెలుగు చెప్పేవాళ్ళు దొరకడం లేదు, వస్తావా అమ్మా అని అడిగారు. బావ పక్కనే ఉన్నాడు, విన్నాడు. ఇప్పుడు కుదరదండి అని పెట్టేశాను. బావ, "నువ్వు లేకపోతే ఈ రోడ్డు మళ్ళీ చూసేవాణ్ణే కాదే," అన్నాడు సంతోషంగా. అతని మొహం తేరుకుంది, మనిషి ఒళ్ళు చేశాడు. అది చూస్తే నాకూ సంతోషమే. స్టీరింగు మాత్రం గట్టిగా పట్టుకున్నాను.

తిరుగుదారిలో రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర బండి ఆపుతాను. బావ దిగలేడు కాబట్టి అతనికి గ్లాసు అందించి, నా టీ పట్టుకుని అవతలికి, గెలలు దింపే వైపు వెళ్ళి నిలబడతాను. బండికి వీపు పెట్టి. లారీ మీంచి ఒకతను గెల అందిస్తుంటాడు, కిందనున్నతను భుజానికెత్తుకుంటాడు. వాళ్ళెవరూ నాతో మాట్లాడరు. కాసేపటికి వెనక నుంచి, "ఒసేయ్, ట్రేలు ఎండితే పొలుసు పట్టేస్తాది, పోదామా?" అని బావ కేక వినపడుతుంది.

"ఆ, వస్తున్నా," అంటాను. గ్లాసులో ఇంకా సగం ఉంటుంది.